మూడు గ్రాముల ప్రభుత్వ మురికి

నేను దొంగతనం చేయలేదు. లంచం తినలేదు. ఎవరి ఫైలూ మాయం చేయలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేసి ఉన్నా ఈపాటికి నా కుర్చీలో నేను కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉండేవాణ్ణి. అలాంటి వాటికి మా ఆఫీసులో రాజీలున్నాయి, సర్దుబాట్లున్నాయి, పెద్దమనుషులున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, చపాతీ పీట మీద పాత పేపరు పరిచి, ప్రభుత్వం వారి కంప్యూటర్ మౌసును విప్పి శుభ్రం చేసినవాడికి మాత్రం ఏ దిక్కూ లేదు. ఈ సంగతి మా పొలిమేరపాడు మున్సిపాలిటీ వారు నాకు బోధపరిచారు.

నా పేరు కాకర్ల వేదాద్రి. జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఊళ్లో పుట్టినవాళ్లు పుట్టినట్టూ, పోయినవాళ్లు పోయినట్టూ నా బల్ల దగ్గరే రుజువవుతుంది. ఆ బల్ల మీద ఒక కంప్యూటరు, దానికి ఒక మౌసు. మౌసు నాకు ఆరేళ్ల కిందట ఇచ్చారు. నాలుగేళ్లు బాగానే పనిచేసింది. ఆ తర్వాత దాని నడుమనున్న చక్రం బిగుసుకుపోయింది. పైకి తిప్పితే కిందికి పోయేది, కిందికి తిప్పితే ఎటూ పోయేది కాదు. ఎడమ మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు, రెండుసార్లు నొక్కితే అసలు నొక్కనట్టు ప్రవర్తించేది.

కొత్తది అడగొచ్చు కదా అంటారు మీరు. అడిగాను. కొత్త మౌసు ఇవ్వాలంటే పాతది పనికిరాదని ఇంజనీరు గారు ధ్రువీకరించాలి. ఇంజనీరు గారు జిల్లా కేంద్రం నుంచి రావాలి. ఒక్క మౌసు కోసం ఆయన రారు, ఐదు చెడితే వస్తారు. మా ఆఫీసులో నాది, పన్నుల విభాగంలో ఒకటి, కొళాయిల విభాగంలో ఒకటి, వెరసి మూడు చెడ్డాయి. మిగతా రెండూ ఎప్పుడు చెడతాయా అని పధ్నాలుగు నెలలుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాం. పక్కవాడి మౌసు బాగా పనిచేస్తుంటే మా కడుపు మండిపోయే స్థితికి వచ్చాం.

అలాంటి రోజుల్లో, నాలుగో తారీకు శుక్రవారం నాడు, సువార్తమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె మా మున్సిపాలిటీలోనే పారిశుధ్య కార్మికురాలు. మా వీధి చెత్త ఎత్తేది కూడా ఆమే. పొద్దున్నే మూడు చక్రాల బండి తోసుకుంటూ వచ్చి, ఈల వేసి, ప్రతి గుమ్మం ముందూ ఆగి, తడా పొడా అని అడిగి, తడి అయితే ఆకుపచ్చ డబ్బాలోనూ పొడి అయితే నీలం డబ్బాలోనూ పోయించుకుంటుంది. రెండూ కలిపి ఇస్తే వెనక్కి ఇచ్చేస్తుంది. ఆ విషయంలో ఆమె దగ్గర మొహమాటాలు చెల్లవు.

ఆమె కూతురు రూతుకి పదహారేళ్లు. ఖోఖో ఆడుతుంది. మునిసిపల్ హైస్కూలు మైదానంలో నేను ఒకసారి చూశాను. కొయ్య దగ్గర ఆ పిల్ల ఒళ్లు తిప్పితే తరిమే పిల్లలు ముగ్గురు ఒకరి మీద ఒకరు పడ్డారు. పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల రాష్ట్ర జట్టుకి ఎంపికైంది. పదిహేనో తారీకు సాయంత్రం ఐదింటిలోగా పుట్టినతేదీ ధ్రువపత్రం ఆన్‌లైన్లో పంపాలి, లేకపోతే ఆ చోటు ఇంకో పిల్లకి పోతుంది. పుట్టుక మా రిజిస్టర్లో ఉంది. పేరే లేదు. ఆసుపత్రిలో పుట్టిన పూట రాసిన 'ఆడ శిశువు' అనే మాటే పదహారేళ్లుగా అలా ఉండిపోయింది.

"బాబూ, ఆ ఆడ శిశువు తీసేసి రూతని రాయండి, అంతే" అంది సువార్తమ్మ.

నిజంగా అంతే. పేరు కొట్టి, తెర మీద వచ్చే హామీపత్రాన్ని మౌసు చక్రంతో అడుగు దాకా దించి, కింద ఉన్న గడిలో ఒక్క నొక్కు నొక్కాలి. ఆ చక్రం దిగదు, ఆ నొక్కు పడదు. అరగంట కుస్తీ పట్టాక, బడి నుంచి చదువు ధ్రువపత్రం తెచ్చి మంగళవారం కనపడమని ఆమెతో చెప్పి, మౌసును పీకి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. నా జీవితంలో ప్రభుత్వానికి నేను చేసిన మొదటి ద్రోహం అది.

ఆదివారం భోజనాలయ్యాక పని మొదలుపెట్టాను. మౌసు కడుపు కింద నున్నటి పట్టీలు అంటించి ఉంటాయి. వాటిని గోటితో లేపితే కింద మరలు దొరుకుతాయి. నా భార్య హైమవతి కుట్టుమిషను స్క్రూడ్రైవరు ఇచ్చింది. ఆమె కనుబొమల పట్టకారు అడిగితే ఇచ్చింది గాని, తిరిగి తన చేతికే ఇవ్వాలని షరతు పెట్టింది. మూత తీశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చక్రం ఇరుసుకి ఎవరివో వెంట్రుకలు ఏడెనిమిది చుట్లు చుట్టుకుని ఉన్నాయి. ఎడమ మీట కింద బిస్కెట్ పొడి. వెలుగు వచ్చే కన్నానికి అడ్డంగా దూది లాంటి నుసి. ఒక మూల చచ్చి ఎండిన చీమ.

"ఏవండీ, దీంతోనా మీరు జనాల పుట్టుకలు రాసేది?" అంది హైమవతి.

పట్టకారుతో వెంట్రుకలు లాగాను. చక్రం కిందున్న చిన్న స్ప్రింగు టింగుమని ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. హైమవతి చీపురు పుల్లతో గంటసేపు గాలించి తీసింది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు స్పిరిట్లో ముంచి మూలమూలా తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించాను. చక్రం వెన్నలా తిరిగింది. వచ్చిన మురికిని హైమవతి పేపరుతో సహా మడిచి పొడి చెత్త డబ్బాలో వేసింది. తెల్లారి సువార్తమ్మ బండి ఎక్కి అది వెళ్లిపోయింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

ఊరుకోలేదు. అప్పుడు మా ఆఫీసులో పరిశుభ్రతా పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ఒకటి నుంచి పదిహేను దాకా ప్రతి ఉద్యోగీ తన పరిధిలో ఒక పరిశుభ్రతా చర్య చేపట్టి, చర్యకు ముందు ఒక ఫొటో, చర్య తర్వాత ఒక ఫొటో జతపరచి నివేదిక ఇవ్వవలెనని కమిషనరు గారి సర్క్యులరు. ఇవ్వనివారిపై క్రమశిక్షణా చర్య. మా ఆఫీసులో నలభై ఒక్క మందిమి. చీపుర్లు రెండు. అందరూ ఆవరణలో ఈశాన్య మూలనే ఊడ్చి ఫొటో తీయించుకున్నారు. ఒకరు ఊడ్చాక ఆకులు మళ్లీ అక్కడే చల్లి రెండోవారు ఊడ్చారు. అలా ఆ మూల మూడు రోజుల్లో నలభై సార్లు శుభ్రపడింది. ఆ తర్వాత సువార్తమ్మ వచ్చి నిజంగా ఊడ్చింది. ఆమెను ఎవరూ ఫొటో తీయలేదు.

నలభై ఒకటోవాణ్ణి నేను. నాకెందుకో ఆకులు చల్లడానికి మనసొప్పలేదు. హైమవతి సరదాకి ఫోన్లో తీసిన ఫొటోలుండనే ఉన్నాయి. మౌసులో మురికి ఉన్నప్పటిది ఒకటి, పోయాక ఒకటి, రెండింట్లోనూ పక్కన హైమవతి పట్టకారు. వాటిని జతపరచి, 'నా వాడకంలోనున్న మౌసును ఇంటివద్ద విప్పి, అందలి మురికిని తొలగించి, పనిచేయు స్థితికి తెచ్చితినని సవినయముగా మనవి' అని సోమవారం ఫైల్లో పెట్టాను. మెచ్చుకుంటారనే పెట్టాను. ఎందుకు దాచాలి, ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్కసారైనా ఎవరైనా భేష్ అంటారేమోనని ఆశపడ్డాను. చేసిన పని నోటితో చెబితే మా ఆఫీసులో గాల్లో కలిసిపోతుంది. కాగితం మీద పెడితే దానికి నంబరు పడుతుంది. నంబరు పడ్డదాన్ని ఎవరూ వదలరు. ఇరవై రెండేళ్లు కాగితాల మధ్య బతికినవాణ్ణి, ఆ మాత్రం తెలియని వెధవనైపోయాను.

మంగళవారం మధ్యాహ్నం సువార్తమ్మ బడి కాగితంతో వచ్చింది. తెర తెరిచి 'రూతు' అని కొట్టాను. చక్రం తిప్పాను. హామీపత్రం సాఫీగా సగం దాకా దిగింది. అంతలో నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. ఆఫీసు మేనేజరు దండపాణి గారిది. ఆయన నా చెయ్యి పక్కకి పెట్టి, మౌసును రుమాలుతో పట్టుకుని, తీగ పీకి, పైకెత్తి చూశారు.

"ఏవయ్యా వేదాద్రీ, దీన్ని తెరవడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?" అన్నారు.

శుభ్రం చేశానండీ అన్నాను. శుభ్రం సంగతి తర్వాత, తెరవడం సంగతి చెప్పమన్నారు. తెరవకుండా లోపల ఎలా శుభ్రం చేస్తారని అడిగాను. అందుకే ప్రభుత్వం దాన్ని శుభ్రం చేయమని ఎక్కడా చెప్పలేదన్నారు ఆయన.

దండపాణి గారు తక్కువ మనిషి కాదు. రెండేళ్ల కిందట ఆఫీసు ఆవరణలో వేపకొమ్మ ఒకటి గాలికి విరిగి గేటుకి అడ్డంగా పడితే, ప్రభుత్వ చెట్టు నుంచి వేరుపడినది కూడా ప్రభుత్వ ఆస్తే కాబట్టి వేలం వేయకుండా కదపకూడదని తేల్చినవారు ఆయనే. ఐదు నెలలు ఆ కొమ్మ మీంచి దూకి ఆఫీసుకి వెళ్లాం. చనిపోయినవాళ్ల ధ్రువపత్రాలకి వచ్చిన ముసలమ్మలు కూడా దూకారు. ఆ కొమ్మ ఫైలును ఇప్పుడు బయటికి తీశారు. ప్రభుత్వ చెట్టు నుంచి పడిన కొమ్మ ప్రభుత్వానిదైతే, ప్రభుత్వ మౌసు నుంచి వచ్చిన మురికి ఎవరిది?

సాయంత్రానికల్లా తాఖీదు వచ్చింది. సదరు మౌసునందు ఆరు సంవత్సరముల కాలములో సమకూరిన పదార్థమును సదరు ఉద్యోగి ఎట్టి అనుమతీ లేకుండా ప్రభుత్వ ప్రాంగణము వెలుపలికి తరలించి, వేలము వేయకుండగనే స్వంత నిర్ణయముతో విసర్జించినందున, అతనిపై చర్య ఏల తీసికొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను. హైమవతికి విడిగా ఇంకొకటి వచ్చింది. ప్రభుత్వోద్యోగి కాకపోయినప్పటికీ, కనుబొమల పట్టకారు సరఫరా చేయుట ద్వారా సదరు చర్యకు తోడ్పడితిరి గావున మీరునూ వివరణ ఇవ్వవలెను. హైమవతి దాన్ని రెండుసార్లు చదివి, పట్టకారు తిరిగిచ్చారా లేదా అని నన్ను అడిగింది. లేదు, అది కూడా సాక్ష్యం కింద పట్టుకుపోయారు.

మౌసును తెల్లటి గుడ్డ సంచిలో పెట్టి లక్క సీలు వేశారు. నా కంప్యూటరు పడుకుంది. ఇంటి నుంచి నా సొంత మౌసు తెచ్చుకుంటానన్నాను, ప్రైవేటు పరికరం ప్రభుత్వ యంత్రానికి తగిలించరాదు అన్నారు. పక్క బల్ల మౌసు ఇప్పించమన్నాను, ఏ బల్ల మౌసు ఆ బల్లదే, స్టాకు రిజిస్టర్లో అలాగే ఉందన్నారు. కీబోర్డు మీటలతోనే ఆ ఒక్క పేరూ ఎక్కిస్తానన్నాను. దండపాణి గారు పని కేటాయింపు ఉత్తర్వు తెప్పించి చూపించారు. అందులో 'కీబోర్డు మరియు మౌసు' అని ఉంది. మరియు అంటే రెండూ ఉండాలి, ఒక దానితో చేస్తే ఆ పుట్టుక చెల్లదు అన్నారు. సువార్తమ్మ ఇవన్నీ గోడకి ఆనుకుని వింది. పదిహేనుకి ఇంకా వారం ఉందిగా బాబూ అని నాకే ధైర్యం చెప్పి వెళ్లింది.

గురువారం ప్రాంతీయ కార్యాలయం నుంచి విచారణాధికారి పరాంకుశం గారు దిగారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన మనిషి. నా మీద ఆయనకి కోపం లేదు. అసలు నా వంక ఆయన చూడనే లేదు, ఆయన చూపంతా మురికి మీదే. పోయిన మురికి ఎంత అనేది ముందు తేల్చాలన్నారు. నా మౌసుతో పాటు అదే రోజు కొన్న మౌసులు ఎన్నున్నాయో లెక్క తీయించారు. పదకొండు. కంసాలి దుకాణం నుంచి బంగారం తూచే కాటా తెప్పించి, శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పదకొండు మౌసుల్నీ తూయించారు. తూస్తున్నంతసేపూ పన్నులూ కొళాయిలూ అన్నీ ఆగాయి. వాటి సగటు బరువు ఎనభై ఎనిమిది గ్రాములు. నాది ఎనభై ఐదు.

"మూడు గ్రాముల ప్రభుత్వ పదార్థం లోపించినట్లు నిర్ధారణ అయినది" అని పరాంకుశం గారు చెబుతుంటే దండపాణి గారు నిలబడి రాసుకున్నారు.

ఆ తర్వాత రెండో శనివారం, ఆదివారం. సోమవారం పధ్నాలుగు. ఆ రోజు సువార్తమ్మను సాక్షిగా పిలిచారు. పొద్దున నాలుగింటి నుంచి పనిచేసి వచ్చిన మనిషి, చీపురు గుమ్మం బయట పెట్టి లోపలికొచ్చి నిలబడింది. కుర్చీ చూపించినవాళ్లు లేరు. ఏడో తారీకున వేదాద్రి గారి ఇంటినుండి వెడలిన సదరు మురికిని మీరు తడి చెత్తగా స్వీకరించితిరా, పొడి చెత్తగా స్వీకరించితిరా అని పరాంకుశం గారు అడిగారు. ఎనభై ఇళ్ల చెత్తలో ఎవరిది ఏదో తనకేం తెలుసునని ఆమె జవాబు. తెలియదు అన్నది సాక్ష్యం కాదనీ, స్వీకరించినవారు సంతకం లేకుండా స్వీకరించారు కనుక ఆ పదార్థాన్ని తిరిగి హాజరుపరిచే బాధ్యత కూడా వారిదేననీ ఆయన సెలవిచ్చారు. పిల్ల కాగితం రేపటితో ఆఖరని ఆమె చెప్పబోయింది. అది ఈ విచారణ పరిధిలోనికి రాదన్నారు.

సువార్తమ్మ నెమ్మదిగా అడిగింది.

"మూడు గ్రాములంటే ఏమాత్రం ఉంటదయ్యా?"

ఆయన బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించారు.

"అది తెచ్చిత్తే మిసను తెరుత్తారా? నా పిల్ల పేరు ఎక్కుద్దా?"

పదార్థము లభించి, మౌసునందు యథాపూర్వస్థితి నెలకొన్న మీదట యంత్రము విడుదల చేయబడునని ఆయన హామీ ఇచ్చారు. యథాపూర్వస్థితి అంటే ఏందని ఆమె నన్ను అడిగింది. ముందు ఎట్లా ఉందో అట్లా అన్నాను. సువార్తమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. బయటికెళ్లి చీపురు తీసుకుంది. పరాంకుశం గారి కాళ్లు కొంచెం ఎత్తమని అడిగి, ఆయన కుర్చీ కింద నాలుగు సార్లు ఊడ్చి, వచ్చినదాన్ని కాగితంలో పొట్లం కట్టి బల్ల మీద పెట్టింది.

"ఇదేనయ్యా. డంపింగ్ యార్డు నుంచి తెచ్చాను" అంది.

గదిలో ఏడుగురం ఉన్నాం. ఆమె ఎక్కడ ఊడ్చిందో ఏడుగురమూ చూశాం. పరాంకుశం గారు పొట్లం విప్పి, నా ఫొటోతో పోల్చారు. వెంట్రుకలు ఉన్నవి, సరి. బిస్కెట్ పొడి ఉన్నది, సరి. నుసి ఉన్నది, సరి. ఫొటోలో చీమ ఒకటే, పొట్లంలో రెండున్నాయి. ప్రభుత్వానికి చెందనిదాన్ని ప్రభుత్వం ఉంచుకోరాదని రెండో చీమను సువార్తమ్మకి వాపసు ఇచ్చి, ముట్టినట్టు వేలిముద్ర వేయించుకున్నారు. ఆమెకి సంతకం వచ్చు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మర్నాడు పదిహేను. పదకొండింటికి పంచనామా మొదలైంది. మురికిని నా చేత్తోనే లోపల పెట్టాలని ఉత్తర్వు. సాక్ష్యం కింద పట్టుకుపోయిన స్క్రూడ్రైవరు, పట్టకారు నా ముందు పెట్టారు. ఒక పక్క వీడియో తీస్తున్నారు. ఫొటో చూసుకుంటూ ఇరుసుకి వెంట్రుకలు ఏడు చుట్లు చుట్టాను. ఎనిమిదో చుట్టు విషయంలో భోజనం దాకా చర్చ జరిగింది. ఎడమ మీట కింద బిస్కెట్ పొడి వేశాను. కన్నానికి నుసి కప్పాను. మూల చీమను పెట్టాను, తల తూర్పుకా పడమరకా అన్నారు, ఫొటోలో కనపడినట్టే పెట్టాను. మూత బిగించి తగిలించి పరీక్షిస్తే మీట పనిచేసింది. పరాంకుశం గారు తల అడ్డంగా ఊపారు. మళ్లీ విప్పి ఇంకాస్త పొడి కూరాను. ఈసారి మూడుసార్లు నొక్కినా పనిచేయలేదు.

'మౌసు పనిచేయుట లేదు. సంతృప్తికరము' అని ఆయన నివేదిక చివర రాసి, సంతకం చేసి, విచారణ ముగిసినదని ప్రకటించారు. అప్పుడు మూడూ నలభై.

నా కుర్చీ నాకిచ్చారు. కిటికీ అవతల సువార్తమ్మ నిలబడి ఉంది. పక్కన రూతు, జట్టు బట్టల్లో, బూట్లు కట్టుకుని. ఖోఖో మాస్టారు ఫోను పట్టుకుని బడిలో సిద్ధంగా ఉన్నాడట, కాగితం చేతికందడమే తరువాయి. తెర వెలిగింది. వారం కిందట నేను కొట్టిన రెండు అక్షరాలూ గడిలో అలాగే ఉన్నాయి.

"సార్, నా పేరు కనపడుతోందా?" అంది రూతు.

కనపడుతోందన్నాను. చక్రం తిప్పాను. హామీపత్రం సగంలో ఆగి ఉంది, ఒక్క గీత కూడా దిగలేదు. నొక్కాను. పడలేదు. చేత్తో కొట్టాను, బల్లకేసి తట్టాను. నాలుగూ ఐదు. నాలుగూ పది. దండపాణి గారిని పిలిస్తే, మౌసు పనిచేయడం లేదని రాసివ్వమన్నారు. ఇంజనీరు గారు రావడానికి ఇంకా రెండే చెడాలి కదా, ఓపిక పట్టమన్నారు. ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. అక్కడే నాకు తిక్క రేగింది. ఈ ఇరవై రెండేళ్లలో ఎన్ని ఆడ శిశువుల్ని ఇలా ఓపిక పట్టమన్నామో అనిపించి, నా మీద నాకే అసహ్యం వేసింది.

స్క్రూడ్రైవరు బల్ల మీదే ఉంది. పట్టకారు పక్కనే ఉంది. సాక్ష్యాలు కదా, చక్కగా చీటీలు కట్టి పెట్టారు. చీటీ తెంపి మౌసును తిరగేసి మొదటి మర విప్పాను.

దండపాణి గారు నా చెయ్యి పట్టుకోబోయారు. పరాంకుశం గారు ఆయన్ని ఆపారు.

"ఆగండి. మొదటి విచారణ ముగిసింది. ఇది కొత్త నేరం. కొత్త ఫైలు తెరవకుండా అడ్డగించడానికి మనకు అధికారం లేదు."

కొత్త ఫైలు తెరవాలంటే నంబరు కావాలి. నంబర్ల రిజిస్టరు డిస్పాచ్ గుమస్తా బీరువాలో ఉంటుంది. గుమస్తా ఐదింటికి జరగబోయే పక్షోత్సవాల ముగింపు సభకి కుర్చీలు వేయించడానికి వెళ్లాడు. అతని కోసం ఫోన్లు చేశారు. ఇద్దరు పెద్ద అధికారులు, ఆరు అడుగుల దూరంలో, నంబరు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను రెండో మర విప్పాను. మూత తీసి, లోపలి సరుకంతా పరాంకుశం గారి నివేదిక మీద బోర్లించాను. ఏడు చుట్లూ ఒక్క లాగుడుకే వచ్చాయి. ఈసారి స్ప్రింగును వేలితో అదిమి పట్టుకున్నాను. మూత బిగించే తీరిక లేదు. మూత లేని మౌసుతోనే చక్రం తిప్పాను. హామీపత్రం అడుగుకి దిగింది. నొక్కాను. పడింది.

ఆడ శిశువు పోయి రూతు వచ్చింది. డిజిటల్ సంతకం దానంతటదే పడి ధ్రువపత్రం ప్రింటరులోంచి బయటికొచ్చేసరికి నాలుగూ ముప్పై ఆరు. కిటికీలోంచి అందించాను. రూతు అందుకుని పరుగెత్తింది. ఆ పరుగు చూడాల్సింది మీరు. గేటు దగ్గర నంబర్ల రిజిస్టరు పట్టుకుని వస్తున్న గుమస్తా పక్కకి తప్పుకున్నాడు. నాలుగూ యాభై రెండుకి కాగితం చేరిందని మాస్టారు ఫోను చేశాడు.

నివేదిక మీది మురికిని ఊడ్చేయమని దండపాణి గారు సువార్తమ్మకి చెప్పారు. ఆమె చీపురు చంకలో పెట్టుకుంది.

"నేను ముట్టనయ్యా. మళ్లా తెచ్చిమ్మంటారు" అంది.

అది ఇంకా అక్కడే ఉందని విన్నాను. ఎవరూ ముట్టడం లేదట, గాజు మూత ఒకటి బోర్లించారట.

ఆ సాయంత్రం ముగింపు సభలో మా ఆఫీసుకి జిల్లాలో ప్రథమ బహుమతి ప్రకటించారు. నలభై ఒక్క మంది ఫొటోలూ పెద్దవి చేయించి వరసగా పెట్టారు. నావీ ఉన్నాయి. కాకపోతే చర్యకు ముందు అన్నచోట శుభ్రమైన మౌసూ, చర్య తర్వాత అన్నచోట మురికి మౌసూ ఉన్నాయి. ఫైలు ప్రకారం అదే సరైన వరస అని దండపాణి గారు అందరికీ వివరించారట. సభలో చప్పట్లు కొట్టారని కూడా చెప్పారు. నేను వెళ్లలేదు. అప్పటికి నా సస్పెన్షన్ ఉత్తర్వు నా చేతిలో ఉంది. దానికి నంబరు కూడా పడింది.

ఇప్పుడు పొద్దున్నే కాఫీ తాగుతూ గుమ్మంలో కూర్చుంటున్నాను. మొన్న ఈల వినపడింది. హైమవతి లోపల్నుంచి తన తాఖీదు పట్టుకొచ్చింది. పట్టకారు ఎందుకు సరఫరా చేశారో పదిరోజుల్లోగా తెలుపవలెనన్నది. గడువు ఆ రోజుతో ఆఖరు. సువార్తమ్మ బండి ఆపి, రూతు వాళ్లు మొదటి ఆట గెలిచారని చెప్పింది. తర్వాత రోజూ అడిగినట్టే అడిగింది.

"తడా పొడా అమ్మా?"

నువ్వే చూడమని హైమవతి కాగితం అందించింది. సువార్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ముద్ర చూసింది, సంతకం చూసింది, వెనక ఏమైనా ఉందేమోనని చూసింది.

"పొడే" అని నీలం డబ్బాలో వేసి, బండి తోసుకుంటూ పక్కింటి ముందుకెళ్లి ఈల వేసింది.